నాపరాయి ముక్కతో వంటింటి కత్తికి పదును

బేతంచెర్ల, కొలిమిగుండ్ల పరిసరాల్లో నాపరాయి ముక్కలకు కొదవ లేదు. పాలిష్ పట్టిన ముక్క జానెడు పొడవున్నది ఒకటి ఇంటికి తెచ్చుకుంటే వంటింటి కత్తికి సాన సిద్ధమైనట్టే. ఖర్చల్లా రెండు వాటర్ పేపర్లకే.

కొడవలికి కక్కు పోతే కోతలకు ముందే కమ్మరి దగ్గరకు పరుగెత్తే రైతు, ఇంట్లో కూరగాయల కత్తి మొద్దుబారిన సంగతి పట్టించుకోడు. ఆడవాళ్లు కత్తిని తిట్టుకుంటూ, బలంగా అదిమి కోస్తూ రోజులు నెట్టుకొస్తారు. చేతులు తెగేది అప్పుడే. పదునున్న కత్తి పెట్టిన చోట దిగుతుంది. మొద్దు కత్తి టమోటా మీద జారి వేలి మీదకు వస్తుంది. సైకిల్ మీద సాన పట్టేవాడు ఎప్పుడొస్తాడో తెలియదు. వచ్చినా, అదుపు తప్పితే చక్రం వేగానికి పలుచని కత్తి వేడెక్కి అంచు నీలం తిరుగుతుంది. అలా నీలం తిరిగిన చోట ఉక్కు మెత్తబడి పదును నిలవదు.

వాటర్ పేపర్ అంటే మోటారు బండ్లకు రంగు వేసేవాళ్లు తడిపి రుద్దే గరుకు కాగితం. రంగుల దుకాణాల్లో దొరుకుతుంది. వెనక వైపు అంకె అచ్చు వేసి ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. 220 ఒకటి, 800 ఒకటి చాలు.

రాయి నున్నటి వైపు తడిపి 220 కాగితం పరచాలి. అంచులు కిందికి మడిచి, పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలు రెండు కొసలకు బిగిస్తే కదలదు. రాయి కింద తడిగుడ్డ వేసుకోవాలి.

అసలు కిటుకు కత్తి వాలులో ఉంది. మరీ పడుకోబెడితే అంచు తగలదు, ఎక్కువ ఎత్తితే ఉన్న పదునూ పోతుంది. కత్తి వెడల్పులో మూడో వంతు ఎత్తుకు వీపు లేవాలి. మూడు వేళ్ల వెడల్పు కత్తి అయితే వీపు కింద ఒక వేలు దూరేంత సందు ఉండాలన్నమాట. ఆ వాలు చెదరకుండా, వీపు ముందు, అంచు వెనక వచ్చేలా పిడి దగ్గర నుంచి మొన దాకా లాగాలి. అంచు ముందుగా తోస్తే కాగితం చీరుకుపోతుంది. పది పదిహేనుసార్లు లాగాక, వేలిని వీపు నుంచి అంచు బయటికి మెల్లగా జరిపితే అవతలి వైపు గరుకు తగులుతుంది. అంచు పొడవునా మాత్రం వేలు రుద్దకూడదు. ఆ గరుకు మొన దాకా వచ్చేవరకు వైపు మార్చకూడదు. చాలామంది తొందరపడి చెడగొట్టుకునేది ఇక్కడే. రెండో వైపూ అలాగే చేసి, 800 కాగితం మీద అటొకసారి ఇటొకసారి తేలికగా లాగాలి. చివర్లో పాత తోలు బెల్టు గరుకు వైపు మీద అదే తీరున నాలుగుసార్లు లాగితే మిగిలిన గరుకు రాలిపోతుంది.

కత్తిపీటను రాయి మీదకు తేలేం గనుక కాగితాన్నే చెక్కకు చుట్టి రుద్దాలి. చెక్క వీపు నుంచి అంచు వైపుకే కదలాలి, ఎదురు రుద్దితే చెయ్యి తెగుతుంది. పళ్లున్న కత్తులకు ఈ పద్ధతి పనికిరాదు. పని అయ్యాక ఇనుప పొడి పోయేలా కడిగి, తుడిచి, ఇనుప కత్తి అయితే చుక్క నూనె రాయాలి. పండిన టమోటా మీద అదమకుండా లాగినప్పుడు తోలు తెగితే పదును కుదిరినట్టే.