తోడు పోయిన పిమ్మట తోడు

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కొత్తపేట కొబ్బరితోటలలో గోరువంకలు జంటలుగా తిరుగుచుండును. జతలో ఒకటి మరణించినచో రెండవది సాధారణముగా మరియొక తోడును వెదకుకొనును. మనుష్యునకు ఇది అంత సులభము కాదు. ఎందువలన?

అమెరికాలోని ప్రెయిరీ వోల్ అను ఎలుకవంటి జంతువు జతకట్టి జీవించును. ఆ బంధమును ఏర్పరచుటలో ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ అను హార్మోనులకు ముఖ్యపాత్ర కలదు. 2009లో ప్రచురింపబడిన ప్రయోగములలో మగదానిని జతనుండి వేరుచేసి నీటిలో విడువగా, అది ఈదుట మాని ఊరక తేలుచుండెను. సోదరునినుండి వేరుచేసినపుడు ఈ మార్పు కానరాలేదు. మెదడులో ఒత్తిడిని రేపు రసాయనము యొక్క పనిని మందుతో అడ్డగింపగా, అది మరల ఈదసాగెను. కావున వియోగదుఃఖము పిరికితనము కాదు. బంధము తెగినపుడు దేహము చూపు ప్రతిక్రియ.

అయినను ఆ బంధశక్తి ఒకమారు వాడిన అగ్గిపుల్ల వంటిది కాదు. రెండవ బిడ్డ పుట్టినంతనే తల్లి మొదటి బిడ్డను మరవదు. అట్లే పోయినవారి జ్ఞాపకము నిలిచియుండగనే కొత్త అనురాగము కలుగవచ్చును. దానికి ఇంత గడువని ప్రకృతి నియమింపలేదు.

గడువులను, నిషేధములను పెట్టినది సంఘము. భార్య పోయిన పురుషుడు మరల పెండ్లాడినను తప్పెన్నని పలు కులములవారు వితంతువుకు ఆ హక్కు నిరాకరించిరి. 1856 నాటి చట్టము వితంతు వివాహమును అనుమతించెను. కాని మరల పెండ్లాడిన స్త్రీ మొదటి భర్త ఆస్తిని కోల్పోవలసి వచ్చెడిది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున తాను తలపెట్టిన మొదటి వితంతు వివాహమును, తీవ్రమైన ప్రతిఘటన నడుమ జరిపించెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము భర్తనుండి సంక్రమించిన ఆస్తిపై స్త్రీకి సంపూర్ణ హక్కు నొసగెను.

చట్టము మారినను చూచువారి కన్ను మారవలసియున్నది. విద్యార్థి ఇంట తండ్రికో తల్లికో కొత్త తోడు లభించినపుడు, అది పోయినవారికి ద్రోహము కాదని తెలియజెప్పుట ఉపాధ్యాయునకు సాధ్యమైన పని.