తాండూరు పేపర్ లీక్: వాట్సాప్‌కి బాధ్యత లేదా?

2023 ఏప్రిల్ 3న పదో తరగతి తెలుగు పరీక్ష మొదలైన కొద్ది నిమిషాలకే, వికారాబాద్ జిల్లా తాండూరులోని ఒక సెంటర్ నుంచి ప్రశ్నపత్రం ఫోటో వాట్సాప్‌లో బయటికొచ్చింది. అప్పటికే పిల్లలు లోపల రాస్తున్నారు కాబట్టి పరీక్ష రద్దు కాలేదు. సిబ్బందిని సస్పెండ్ చేశారు, కేసు పెట్టారు. మర్నాడు కమలాపూర్‌లో హిందీ పేపర్ బయటికొచ్చింది. ఆ కేసులో బండి సంజయ్ అరెస్టయ్యాక చర్చంతా రాజకీయమైపోయింది.

మరి ఫోటోని మోసిన కంపెనీ సంగతేంటి? ఐటీ చట్టం సెక్షన్ 79 ప్రకారం, వేరేవాళ్లు పెట్టినదానికి సాధారణంగా కంపెనీది బాధ్యత కాదు. కోర్టో ప్రభుత్వమో ఆదేశిస్తే తీసేయాలి. 2015లో శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. ఆ ఆదేశం వచ్చేలోపు మూడు గంటల పరీక్షే అయిపోతుంది! పైగా వాట్సాప్ మెసేజ్‌లో ఏముందో కంపెనీకి కనిపించదు. ఇక ఆ సెక్షన్ కంపెనీలకే. ఫోటోని ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేసిన అబ్బాకో, భాయ్‌జాన్‌కో ఆ రక్షణ లేదు.