24 చుట్లా, 26 చుట్లా?

ఎడపల్లిలో పాత ఇల్లు సర్దుతుంటే కొట్టంలోంచి తాత ర్యాలీ సైకిల్ బయటపడిందనుకోండి. చాలామంది ముందు రంగు డబ్బా కొంటారు. అది ఆఖర్న చేయాల్సిన పని, చేయకపోయినా నష్టం లేదు. ముందు కావాల్సింది స్కేలూ కాగితమూ. ఏ సామాను బజార్లో దొరుకుతుందో, దేన్ని పారేయకూడదో నాలుగైదు అంకెలు చూస్తే తేలిపోతుంది.

చక్రాల సంగతి తేలికే. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక దానికి 40. బరువు వెనకే ఎక్కువ పడుతుందని ఇంగ్లండ్ కంపెనీలు వేసిన లెక్క అది. మన పెద్ద నల్ల సైకిళ్లు దాన్ని వదల్లేదు కాబట్టి 40 రంధ్రాల రిమ్ము ఇక్కడ దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో పాత సైకిళ్లు బాగుచేసుకునేవాళ్లు మన దేశపు టైర్ల కోసం చూస్తారంటే వింతేం కాదు. టైరు మీద మాత్రం 28 × 1½ అని ఉండాలి. దాని రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు. ఇప్పటి గేర్ సైకిళ్ల 700సీ టైరుకు 622. రెండింటినీ 28 అంగుళాలనే అంటారు, కానీ 13 మిల్లీమీటర్ల తేడాతో ఆ టైరు ఈ రిమ్ముకు ఎక్కదు.

అసలు మెలిక పెడళ్ల నడుమ, ఇరుసును పట్టుకునే బీబీ (బాటమ్ బ్రాకెట్) కప్పు దగ్గరుంది. ఇంగ్లిష్ సైకిళ్లలో చాలావాటికి ఆ కప్పు మరకు అంగుళానికి 24 చుట్లు. నాటింగ్‌హామ్‌లో మొదలైన ర్యాలీ తన సైకిళ్లకు 26 పెట్టుకుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య తేడా మిల్లీమీటరులో పన్నెండో వంతు. కంటికి ఆనదు. బజారు కప్పు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. అక్కడ పానా వేసి బలవంతంగా తిప్పితే ఫ్రేము మరే పోతుంది. ఆసన్‌సోల్‌లో తయారైన సేన్-ర్యాలీ అయినా, మద్రాసులో 1949లో పుట్టిన టీఐ సంస్థ హెర్క్యులెస్ అయినా చేత్తో తిప్పి చూడందే నమ్మకండి. కుడివైపు కప్పు ఎదురు మర, అదీ గుర్తుండాలి. పాత కప్పు లోపల గుంటలు పడకపోతే అదే బంగారం: కిరోసిన్‌తో కడిగి, గ్రీజు పెట్టి, పావు అంగుళం గోళీలు పక్కకు 11 చొప్పున 22 మార్చేస్తే చాలు.

అక్కడిదాకా చేరాలంటే పెడల్ క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను ఊడాలి. ఎన్నో పాత సైకిళ్లు నాశనమయ్యేది ఇక్కడే. రాత్రే నూనె పోసి వదిలేయండి. పొద్దున నట్టును పిన్ను కొనతో సమంగా ఉండేలా వదులు చేసి, క్రాంకు కింద ఇనుప గొట్టం నిలబెట్టి, గట్టిగా ఒక్క దెబ్బ వేయాలి. టకటకా చిన్న దెబ్బలు కొడితే పిన్ను వంగి కూర్చుంటుంది.

వెనక హబ్బు మీద స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ అని ఉంటే అదృష్టమే. 1936లో వచ్చిన మూడు గేర్ల హబ్బు అది. పక్కనే 56, 9 అని ఉంటే 1956 సెప్టెంబరులో తయారైందన్న మాట. చక్రం తర్వాత మార్చి ఉండకపోతే సైకిల్ వయసూ దాదాపు అంతే.

ఇక సొంత అభిరుచికి మార్పులు. నేనైతే హ్యాండిల్ జోలికి పోను, వెనక పళ్లు మారుస్తాను. ముందు 44, వెనక 18 పళ్లుంటే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ సుమారు 5.4 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 20 కిలోమీటర్లకు కాస్త తక్కువ. బోధన్ వైపు చదును రోడ్డుకు అది సరిపోతుంది. వెనక బియ్యం బస్తా ఉంటే, ఎదురుగాలి వీస్తే మోకాళ్లు మొరాయిస్తాయి. 22 పళ్ల ఫ్రీవీల్ వేస్తే చుట్టుకు 4.4 మీటర్లే పోతుంది, కాలికి సుఖం. చైనుకు రెండు లింకులు కలపాల్సి రావచ్చు. తీసిన 18 పళ్ల ఫ్రీవీల్‌ను మాత్రం పాత ఇనుప సామాను వాడికి వేయకండి, గుడ్డలో చుట్టి దాచండి.