ఐపీవీ6 సర్వర్ల భద్రత: పాతబస్తీ దేవిడీ చెప్పే పాఠం

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పాతబస్తీలోని దివాన్ దేవిడీ ఒకప్పుడు సాలార్‌జంగుల నివాసం. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదట ప్రారంభమైనది అక్కడే. ఆనాడు దేవిడీలో ఎన్ని మహళ్లు, ఎన్ని గదులు ఉన్నా వీధిలో పోయేవారికి ఎత్తైన ప్రహరీ, కమాను ద్వారం మాత్రమే కనిపించేవి. మన కళాశాలల నెట్‌వర్క్‌లు చాలాకాలంగా ఈ తీరులోనే నడుస్తున్నాయి. బయటి ప్రపంచానికి ఒకే చిరునామా కనిపిస్తుంది. లోపలి యంత్రాలన్నీ దాని చాటున ఉంటాయి. 'నాట్' అనే ఈ చిరునామా మార్పిడి పద్ధతి భద్రత కోసం పుట్టినది కాదు, చిరునామాల కొరత వల్ల వచ్చినది. ఆ కొరత తీరినప్పుడు చాటు కూడా తొలగిపోతుందన్న విషయాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. కొరత - పరిష్కారం

ఐపీవీ4 చిరునామా పొడవు 32 బిట్లు. అందువల్ల సుమారు 430 కోట్ల చిరునామాలే సాధ్యం. ప్రపంచ స్థాయి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో అడుగంటింది. 1998లో ప్రమాణంగా వెలువడిన ఐపీవీ6 చిరునామా పొడవు 128 బిట్లు. ఇందులో ఒక్క /64 ఉపజాలంలోనే సుమారు 1.84 లక్షల కోట్ల కోట్ల చిరునామాలు ఇముడుతాయి. భారత టెలికాం శాఖ 2010 జులైలోనే ఈ మార్పునకు జాతీయ మార్గసూచిని ప్రకటించింది.

3. కనిపించని రెండవ ద్వారం

నేటి సర్వర్ వ్యవస్థలలో ఐపీవీ6 సాధారణంగా ముందే పనిచేసే స్థితిలో ఉంటుంది. రూటర్ ప్రకటన అందగానే సర్వర్ తనంతట తానే చిరునామాను కల్పించుకోగలదు. లినక్స్‌లో ఐపీటేబుల్స్ నియమాలు ఐపీవీ4కే వర్తిస్తాయి. ఐపీవీ6కు ఐపీ6టేబుల్స్ వేరుగా ఉన్నది. మొదటిదానిలో మూసిన డేటాబేస్ పోర్టు రెండవదానిలో తెరిచే ఉండవచ్చు. ఇన్ని చిరునామాలలో మన సర్వర్‌ను ఎవరు వెతకగలరన్న ధీమా కూడా సరికాదు. డీఎన్‌ఎస్ నమోదులు, బహిరంగ సర్టిఫికెట్ పట్టికలు దాని ఆచూకీని వెల్లడిస్తాయి.

4. అమరిక క్రమం

సర్వర్‌కు స్థిరమైన చిరునామా ఇచ్చి, రూటర్ ప్రకటనల ద్వారా చిరునామా మారకుండా చూడాలి. బయటినుంచి వచ్చే రాకపోకలను మొదట పూర్తిగా నిరోధించి, అవసరమైన పోర్టులనే అనుమతించాలి. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లోని 'ఐనెట్' పట్టికలో రెండు ప్రోటోకాల్‌లకూ నియమాలు ఒకేచోట రాయవచ్చు. అయితే ఐసీఎంపీవీ6ను మొత్తంగా మూయరాదు. పొరుగు యంత్రాల అన్వేషణ దాని ద్వారానే జరుగుతుంది. ఐపీవీ6లో మధ్యనున్న రూటర్లు ప్యాకెట్లను ముక్కలు చేయవు. పరిమాణం మించినదని తెలిపే సందేశాన్ని వెనక్కు పంపుతాయి. ఆ సందేశాన్ని అడ్డుకుంటే చిన్న పుటలు తెరుచుకున్నా పెద్ద దస్త్రాలు మధ్యలో నిలిచిపోవచ్చు. దాడిచేసేవారు ఒకే /64లో చిరునామాలు మార్చుకోగలరు కనుక నిషేధాన్ని ఒక్క చిరునామాకు కాక /64 మొత్తానికి విధించడం మేలు.

ఇవన్నీ పూర్తయిన తరువాతనే డీఎన్‌ఎస్‌లో ఏఏఏఏ నమోదు చేర్చాలి. చివరగా ప్రాంగణం వెలుపలి నుంచి, ఐపీవీ6 ఉన్న మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పోర్టులను పరీక్షించాలి. లోపలినుంచి చేసే పరీక్ష బయటివారికి ఏది కనిపిస్తుందో చెప్పదు.

5. ముగింపు

విద్యార్థుల మార్కులు, పరిశోధకుల దత్తాంశాలు, ముద్రణకు ముందున్న సిద్ధాంత గ్రంథాలు నేడు కళాశాల సర్వర్లలోనే ఉంటున్నాయి. ఐపీవీ6లో ప్రతి గదికీ వీధివైపు ఒక తలుపు ఏర్పడుతుంది. ఆ తలుపులకు ప్రహరీ దానంతటదే రాదు. నియమాల రూపంలో మనమే కట్టుకోవాలి.