సోయా చిక్కుడునకు తుప్పు తెగులు: మందు చల్లవలసిన వేళ

సోయా చిక్కుడు ఆకులు పసుపువన్నెకు తిరిగి రాలుచున్న తరుణమున మందు కొఱకు పరుగెత్తు సభ్యులు పెక్కండ్రు గలరు. అప్పటికి కాలము మించినదని చెప్పుటకు మాకు మనసొప్పదు. అయినను చెప్పక తప్పదు. మందు పచ్చని ఆకును కాపాడునే గాని తుప్పు పట్టి చచ్చిన ఆకును బ్రతికింపజాలదు.

ఈ తెగులునకు కారణమొక శిలీంధ్రము. అది ఎండిన మోళ్లపై బ్రతుకదు. పచ్చని ఆకే దానికి ఆధారము. దాని సూక్ష్మరేణువులు గాలిలో బహుదూరము పోవును. ఆకుపై రమారమి 6 గంటలు తడి నిలిచి, వేడి 15 మొదలు 28 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ నున్నచో అవి మొలకెత్తి ఆకులోనికి చొచ్చును. వారము పది దినములలో ఆకు అడుగున గోధుమవన్నె పొక్కులు లేచును. సాధారణముగా ఇది పూత సమయమున క్రింది ఆకులతో ఆరంభమగును గనుక గట్టుపై నిలుచువానికి కానరాదు. చేనిలో దిగి, వంగి, ఆకును త్రిప్పి చూడవలెను. పైరు పండుచున్నదని భ్రమించి ఊరకున్నవారికి గింజ నిండక తాలు మిగులును.

కృష్ణాతీరమునందలి ఉత్తర కర్ణాటక, దక్షిణ మహారాష్ట్ర ప్రాంతములలో ఈ తెగులు ప్రబలమైనది. ముసురు పట్టిన యేట ఆదిలాబాదు వైపు రైతులును మెలకువతో నుండవలెను.

తొలి పొక్కులు కనబడగనే హెక్సాకొనజోలు 5 శాతపు మందును లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున కలిపి, ఎకరమునకు 200 లీటర్లు చల్లవలెను. నీరు తగ్గించి శ్రమ మిగిల్చుకొనువారు తెగులు దాగిన క్రింది ఆకులనే విడిచిపెట్టుచున్నారు. డబ్బాపై ముద్రించిన మోతాదును, కోతకు ముందు ఆగవలసిన దినములను తప్పక చదువుడు.

తెగులు నిలువనిచో 15 దినములకు మఱల చల్లవచ్చును. కాని అదే వర్గపు మందు కారాదు. బ్రెజిలు దేశమున 2001లో ఈ తెగులు కనబడినది. ఏటేట అవే వర్గముల మందులు చల్లగా వానికి లొంగని శిలీంధ్రము ప్రబలి, మందుల బలము తగ్గినది. పేరు మారినంతనే వర్గము మారదు: హెక్సాకొనజోలు, ప్రోపికొనజోలు రెండును ఒక్క వర్గమునకే చెందినవి. పైరాక్లోస్ట్రోబిన్ వేఱొక వర్గము. దుకాణమున ఈ సంగతి అడుగుటకు సంకోచింపవలదు.

2006 మొదలు బ్రెజిలునందలి మాటో గ్రాసో రాష్ట్రమున ఏటేట కొన్నాళ్లు పొలములలో సోయా మొక్క యొక్కటియు నుండరాదని నియమము చేసిరి. మనకట్టి శాసనము లేదు. అయినను కోత పిమ్మట రాలిన గింజల నుండి తామై మొలచిన మొక్కలను పీకివేయుటకు రైతునకు ఒక పూట చాలును.