దేవనహళ్లి పాఠం: మురుగు కాలువలు లేని పట్టణంలో మలవ్యర్థాల శుద్ధి

కర్ణాటకలోని దేవనహళ్లి టిప్పు సుల్తాన్ జన్మస్థలంగాను, బెంగళూరు విమానాశ్రయానికి పొరుగు పట్టణంగాను సుపరిచితం. 2015లో ఈ పట్టణం మరో కారణంతో వార్తల్లోకి వచ్చింది. సెప్టిక్ ట్యాంకుల నుంచి తోడిన మలవ్యర్థాలను శుద్ధి చేసేందుకే ప్రత్యేకించిన కేంద్రం అక్కడ ప్రారంభమైంది. పట్టణ స్థాయిలో దేశంలో ఈ తరహా కేంద్రాలలో ఇదే మొదటిదిగా గుర్తింపు పొందింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేవనహళ్లి జనాభా సుమారు 28 వేలు. అప్పటికి భూగర్భ మురుగునీటి వ్యవస్థ లేదు. సెప్టిక్ ట్యాంకులో బరువైన పదార్థం అడుగున పేరుకుంటుంది. పైనున్న నీరు ఇంకుడు గుంతలోకి పోతుంది. పేరుకున్న బురదను రెండు మూడేళ్లకు ఒకసారి తోడించాలి. ఆ తోడిన దానిని ట్యాంకరు ఎక్కడ కుమ్మరిస్తుందన్నదే అసలు ప్రశ్న. శుద్ధి కేంద్రం లేని ఊళ్లలో దానికి సమాధానం సాధారణంగా పొలమో, చెరువు గట్టో, వాగో అవుతుంది.

దేవనహళ్లికి సమీపంలోని నంది కొండల వద్ద ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని నదులు పుడతాయి. ఉత్తర పినాకిని అంటే మన పెన్నా నదే. ఈ ప్రాంతంలో ఏడాది పొడవునా పారే నది లేదు. ఒకదాని నుంచి మరొకదానికి నీరు పారే గొలుసుకట్టు చెరువులు, బోరుబావులే ఆధారం. వాన పడితే కుమ్మరించిన మలం చెరువుకు చేరుతుంది. దానిలోని నత్రజని నైట్రేటుగా మారి భూగర్భ జలంలో కలుస్తుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదు. మించితే పసికందులకు ప్రమాదం.

దేవనహళ్లి కేంద్రం సామర్థ్యం రోజుకు 6 వేల లీటర్లు. వ్యర్థాలు ప్రధానంగా నేల వాలు ఆధారంగానే ఒక దశ నుంచి మరో దశకు సాగుతాయి. బురద మొదట గాలి చొరబడని తొట్లలో కుళ్లుతుంది. తరువాత ఇసుక, కంకర పరచిన మడులలో ఎండుతుంది. మడుల నుంచి కారిన నీటిని వేరుగా శుద్ధి చేస్తారు. అయితే ఎండిన బురదలో ఏలికపాముల గుడ్లు బతికే ఉంటాయి. అందుకే దానిని తడి చెత్తతో కలిపి కంపోస్టు చేస్తారు. సరిగ్గా పేర్చిన కుప్పలో ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి గుడ్లు నశిస్తాయి. ఇలా తయారైన ఎరువు రైతులకు చేరుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. ఒక్కో ట్యాంకు నుంచి 4 వేల లీటర్లు తోడతారనీ, కేంద్రం ఏడాదికి 300 రోజులు పనిచేస్తుందనీ అనుకుంటే, ఏటా 450 ట్యాంకులకు మాత్రమే వీలవుతుంది. మూడేళ్లకు ఒకసారి చొప్పున చూస్తే 1,350 ఇళ్లు. 28 వేల జనాభాకు ఇది చాలదు. అయినా కొరత వెంటనే కనిపించదు. ఎందుకంటే ట్యాంకు పొంగేదాకా తోడించే అలవాటు చాలామందికి లేదు. పైగా అడుగు కట్టని గుంతలు త్వరగా నిండవు. ఇంటివారికి అది సౌకర్యంగానే తోస్తుంది గానీ, ఆ మురుగంతా నేలలోకే ఇంకుతోంది.

2017లో కేంద్ర ప్రభుత్వం మలవ్యర్థాల నిర్వహణపై జాతీయ విధానాన్ని ప్రకటించింది. తెలంగాణలోని వరంగల్, ఆంధ్రప్రదేశ్‌లోని నర్సాపురంలోనూ ఇటువంటి కేంద్రాలు వచ్చాయి. నర్సాపురం వశిష్ట గోదావరి ఒడ్డున ఉంది. డెల్టాలో నీరు కొద్ది లోతులోనే తగులుతుంది కనుక, అక్కడ అడుగు లేని గుంతకూ తాగునీటి బావికీ మధ్య అడ్డుగా నిలిచే పొడి మట్టి పొర చాలా పలుచన.