అవ్వ చెప్పిన బోరింగు

వేసవి సెలవులకు ముందు మా అమ్మ బొమ్మనహళ్ళిలోని మా ఫ్లాటుకు వచ్చింది. మాది హిందూపురం దగ్గర పల్లె. "ఈసారి సెలవులకు ఊరికి పోదాం రా నాయనా" అని మనవణ్ణి పిలిచింది. వాడు ఫోనులోంచి తల ఎత్తకుండానే "వద్దవ్వా, మీ ఊరు బోరింగ్" అన్నాడు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఔను, రెండుండాయి. గుడికాడిది ఇంకా నీళ్ళిస్తాంది. బడికాడిది ఎండిపాయె. నువ్వొచ్చి కొడుదువుగానీ రా" అంది.

ఇంటిల్లిపాదీ పకపకా నవ్వాం. ఎందుకో తెలియకపోయినా అమ్మ కూడా నవ్వింది. మర్నాడు వంటింట్లో నన్ను నిలదీసి అర్థం చెప్పించుకుంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నిజానికి ఆమె తప్పేమీ లేదు. 1970లలో తయారైన ఇండియా మార్క్-2 చేతిపంపులు పల్లెపల్లెకూ చేరాక, మనవాళ్ళకు బోరింగంటే ఆ పంపే. బొమ్మనహళ్ళిలో మాత్రం? మా అపార్ట్‌మెంటులో రోజూ వినబడే బోరు కూడా నీళ్ళదే. 2024 వేసవిలో బెంగళూరులో వేలాది బోర్లు ఎండిపోయినప్పుడు లిఫ్టులో వేరే మాటే లేదు.

ఇంగ్లీషులో తొలిచే 'బోర్' వెయ్యేళ్ళ నాటి మాట. విసిగించే 'బోర్' 1760ల నుంచి కనిపిస్తుంది. మొదటిదే రెండోదయిందా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. మనిషి బుర్రను తొలిచేస్తుంది కనుక అయ్యే ఉంటుందని నా అనుమానం. డికెన్స్ 'బ్లీక్ హౌస్' నవలలో (1852-53) 'బోర్‌డమ్' అనే నామవాచకం కూడా ఉంది. బ్రౌను దొర తెలుగు నిఘంటువు అచ్చయిందీ ఆ 1852లోనే!

మనం ఆ 'బోరు'కు 'కొట్టడం' తగిలించి సొంతం చేసుకున్నాం. ఎండ కొట్టినట్టు, వాసన కొట్టినట్టు బోరు కొడుతుంది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడే చిక్కు. తోచక కూర్చున్నవాడు 'ఐ యామ్ బోర్డ్' అనాలి. 'ఐ యామ్ బోరింగ్' అంటే ఎదుటివాళ్ళకు విసుగు పుట్టించేది నేనేనని ఒప్పుకున్నట్టు. 'డల్' సంగతీ అంతే. మనం ఆప్యాయంగా "ఏమిటి, డల్‌గా ఉన్నావు?" అంటాం, నీరసంగా ఉన్నావేమని. "యు ఆర్ డల్" అని ఇంగ్లీషులో అంటే మందబుద్ధివి అన్నట్టు.

అయితే నా మనసులో పడ్డ ముల్లు వ్యాకరణం కాదు. 'బోరింగ్' అన్నప్పుడు మావాడి ఉద్దేశం ఏమిటి? తెలుగులో అయితే ఏదో ఒకటి తేల్చి చెప్పక తప్పదు. పని లేకపోతే తోచడం లేదంటాం. చెప్పిందే చెబుతుంటే విసుగు, నస. ఉప్పూకారం లేని కథ చప్పగా ఉంటుంది. రోజూ అదే కూరయితే మొహం మొత్తుతుంది. సీరియల్ అయితే సాగదీత. ఒక్కోదానికి ఒక్కో మందు. తోచనివాడికి పని చెప్పవచ్చు గానీ, మొహం మొత్తినవాడికి అదే కూర మళ్ళీ వడ్డిస్తే ఏం లాభం?

మా కన్నడ పక్కింటావిడది ఇంకో దారి. 'బేజారు' అంటే ఆమెకు విసుగూ అవుతుంది, మనసు నొచ్చుకోవడమూ అవుతుంది. పారసీకం నుంచి వచ్చిన ఈ మాట మనకూ తెలిసిందే, 'బేజారెత్తిపోయాను' అంటాం. పిల్లవాడి సంగతి విని ఆమె అమ్మతో "బేజారు మాడ్కోబేడి" అంది, బాధపడకండని. అమ్మ బేజారైంది విసుగుతో కాదు మరి.

ఆ రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగ్లీషు మాట వాడకుండా చెప్పమన్నాను. చాలాసేపు వెతుక్కున్నాడు. "తోచదు... కాదు నాన్నా. అక్కడ పిల్లలు నా తెలుగు విని నవ్వుతారు. ఇంకేం మాట్లాడను? ఒక్కణ్ణే కూర్చుంటాను."

నాకు నోట మాట రాలేదు. ఇంట్లో వాడితో ఇంగ్లీషులో మాట్లాడేది నేనే కదా!

పొద్దున్నే అమ్మకు చెప్పాను. "ఆ మాట ముందే చెబితే పోయేది కదా నాయనా" అని వాడి తల నిమిరింది. ఆ రోజు నుంచి ఊరి పిల్లల మాటలు నేర్పడం మొదలుపెట్టింది. అందులో రెండు తిట్లు కూడా ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది.

మే నెలలో ముగ్గురం వెళ్ళాం. గుడికాడ బోరింగు ఇంకా నీళ్ళిస్తూనే ఉంది. పిడి మాత్రం బిగుసుకుపోయింది. మావాడు దానికి వేలాడుతుంటే, ఇద్దరు పిల్లలొచ్చి రెండో పక్క పట్టుకున్నారు.